మంచుయుగంలో గునుగు పూలు

విశాలాక్షికి బురద పిచ్చి పట్టిందని తార్నాకలోని అత్తగారింట్లో అందరూ అనుకునేవారు. యూనివర్సిటీలో వృక్షశాస్త్రం మీద పరిశోధన చేసే కోడలు పొద్దస్తమానం మట్టి గురించే మాట్లాడితే మరేమనుకుంటారు? అది గోదావరి పక్కన లోతుగా తవ్వి తెచ్చిన బంకమన్ను. ఇరవై వేల ఏళ్ల నాటిది. అందులో పుప్పొడి రేణువులు చెడకుండా మిగిలి ఉంటే, మంచుయుగంలో ఇక్కడ ఏ మొక్కలు పెరిగాయో, వానలు ఎలా పడ్డాయో తెలుస్తుంది. ఏమీ దొరక్కపోతే పరిశోధన విషయమే మార్చుకోవాలని ప్రొఫెసర్ వెంకటనర్సయ్య ఖరాఖండిగా చెప్పేశారు.

"ఆ కాలంల మన తార్నాకల గూడ మంచు పడ్డదా బిడ్డా?" బతుకమ్మ కోసం గునుగు పూలను ఆకుపచ్చ రంగులో ముంచుతూ అడిగింది అత్త లచ్చవ్వ.

"గీడ పడలే అత్తమ్మా. వానలు తక్కువైనయో ఏమో, గదే చూస్తున్న" అంటూ విశాలాక్షి కూడా పక్కన కూర్చుని పూలు పేర్చింది.

మర్నాడు ల్యాబులో, ఆమ్లంలో ఉడికించి కడిగిన మట్టి చుక్కను గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూసింది. గుండ్రటి రేణువులు, ఒంటినిండా చిల్లులు, ఎటు చూసినా అవే! ఎండు నేలల్లో పెరిగే గునుగు జాతివి. అంటే అప్పట్లో ఇక్కడ కరువే కరువు.

"శభాష్! శుక్రవారం సెమినార్‌ల చెప్పెయ్ అమ్మా" అన్నారు ప్రొఫెసర్.

ఆమె కాలు నేల మీద నిలవలేదు. కానీ కుతూహలం చెడ్డది, సంతోషాన్ని కూడా కుదురుగా ఉండనివ్వదు. మళ్లీ చూసింది. వేల ఏళ్లు మట్టిలో ఉండి, ఆమ్లంలో ఉడికిన రేణువుకు పైపెంకు తప్ప ఏమీ మిగలదు. ఇవేమో కడుపు నిండుగా ఉన్నాయి. పైగా లేత ఆకుపచ్చ! తన గోళ్లు చూసుకుంది. సందుల్లో రంగు అలాగే ఉంది. అవి మంచుయుగానివి కావు, నిన్న సాయంత్రం అత్తగారి చాటలోంచి ఈ గోళ్లతో వచ్చి గాజుపలక మీద రాలినవి.

ఏడుపొచ్చింది. ఎవరికి తెలుస్తుందిలే అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అయినా నేరుగా ప్రొఫెసర్ గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన పకపకా నవ్వి, "గాజు గొట్టంల ఆ కడిగిన మట్టి ఇంకేమన్న మిగిలిందా?" అన్నారు.

"ఒక్క చుక్క సార్."

చేతులు మండేదాకా సబ్బుతో తోముకుని ఆ చుక్కను గాజు మీద పెట్టింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక రేణువు. నున్నటి గుండ్రటి పెంకు, ఒకే ఒక్క చిల్లు, లోపల డొల్ల. ఆ పక్కనే ఇంకొకటి. గడ్డిపూలవి. ఎంత వెతికినా అడవి చెట్టుది ఒక్కటీ కనబడలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే లచ్చవ్వ అడిగింది: "ఏమన్న దొరికిందా?"

"గడ్డి అత్తమ్మా. అడవి లేదు, ఒట్టి గడ్డి. అంటే వానలు తక్కువే."

"ఓస్, గింత కష్టం గడ్డి కోసమా?"

విశాలాక్షి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "ఇరవై వేల ఏండ్ల సంది ఆ గడ్డిని చూసినోళ్లు ఎవ్వరు లేరు అత్తమ్మా. ఇయ్యాల నేను చూసిన."