ఎత్తి చూడని రాయి

కాలేజీకి రాళ్లు కావలసివచ్చాయి. సిగ్గుపడాల్సిన సంగతి కాదూ! మైనింగు డిప్లొమా అని మూడేళ్లు చదివించారు, బీరువాలో చూపించడానికి ఒక్క రాయి లేదు. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు దేవేంద్రప్ప రాళ్లు లేనిదే వైవా పెట్టనని మొండికేశాడు. ఆ మాట అక్కడ చదువుతున్న ధనుంజయ సెల్లులో తండ్రికి చెప్పాడు. మంగంపేట గనిలో ఇరవై రెండేళ్లుగా డ్రిల్లింగు పనిచేస్తున్న కంబన్న, ఆ పూట పని మానుకుని, గనిలో తవ్వే ముగ్గురాయి, అదే బెరైటీస్, దారిలో దొరికిన పలుగురాయి గోతాంలో వేసుకుని కడప బస్సెక్కాడు.

"రాళ్లకు గూడా సీటు గావాల్నా ఏమప్పా?" అని కండక్టరు ఎగతాళి చేసినా కోపం రాలేదు. కొడుకు పాసైతే అదే గనికి సూపర్‌వైజరుగా వస్తాడు. ఎక్కడ మందు పేల్చాలో, ఏ గట్టు కింద నిలబడకూడదో వాడే చెప్తాడు.

ల్యాబు గుమ్మం దగ్గర గోతాం దించి కంబన్న అక్కడే నిలబడ్డాడు. ధనుంజయ వంతు వచ్చింది. బల్లమీద వాడి రికార్డు ఉంది. కాలేజీకి ఎదురుగా కొత్తగా తెరిచిన నెట్ సెంటరులో తీయించిన అరవై పేజీలు, రంగు బొమ్మలు, స్పైరల్ బైండింగు. ముగ్గురాయి గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. సాంద్రత అన్నాడు, చైనా అన్నాడు, చమురు బావుల్లో ఎలా వాడతారో చెప్పాడు. కంబన్నకు కడుపు నిండిపోయింది.

దేవేంద్రప్ప గోతాంలోంచి రెండు రాళ్లు తీసి ముందు పెట్టాడు. ఒకటి తెల్లటిది, ఒకటి బూడిదరంగుది.

"వీటిల్లో ముగ్గురాయి ఏదప్పా?"

ఇదీ ఒక ప్రశ్నేనా? మంగంపేటలో ముడ్డి కడుక్కోవడం రాని పిల్లోడైనా ఎత్తి చూసి చెప్తాడు. ముగ్గురాయి పిడికెడుంటే చాలు, చేతిని కిందికి లాగేస్తుంది. ధనుంజయ చేతులు కట్టుకునే తెల్ల పలుగురాయి వైపు గడ్డం ఊపాడు.

"ఎత్తి చూడరా సన్నాసీ!" కంబన్న గుమ్మం దాటి లోపలికి వచ్చేశాడు.

"నెట్టులో ఫొటో తెల్లగా ఉండాది నాయనా..."

"థూ! దేవుడు చేతులిచ్చినాడు, కండ్లిచ్చినాడు. ఆ పెట్టె జెప్పిందే నిజమా? మీ నాయన రోజూ ఏ దుమ్ము కొట్టుకోని ఇంటికొస్తాండాడో ఏపొద్దన్నా సూసినావా?"

దేవేంద్రప్ప పెన్ను మూత తీశాడు. "ఊరుకో పెద్దాయనా. రికార్డుకు ఈ కాలేజీ సార్లే యాభైకి నలభై తొమ్మిది ఏసినారు. వైవాకు నేను సున్నా ఏసినా పాసే."

కంబన్నకు ఒళ్లు మండిపోయింది. "వీన్ని ఫెయిల్ చేయండి సార్. మీ కాళ్లు పట్టుకుంటా."

"నాయనా!"

"నోర్ముయ్‌రా! రేపు వీడు పైన నిలబడి ఈడ తవ్వండి, ఆడ పేల్చండి అంటాడు సార్. కింద గుంతలో ఉండేది మేము. గట్టు ఇరిగితే మా నెత్తిన పడ్తాది."

ధనుంజయ తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "అందరూ అట్లనే చేసినారు నాయనా. నేనొక్కన్నేనా?"

కంబన్న బెంచీల వైపు చూశాడు. అన్నిటిమీదా అదే బైండింగు, అవే బొమ్మలు. ఒక్క పిల్లవాడూ తలెత్తలేదు.

"అయితే అందర్నీ ఫెయిల్ చేయండి సార్."

దేవేంద్రప్ప సంతకం పెట్టి, తరువాతి నంబరు పిలిచాడు. సాయంత్రానికి అరవైమందీ పాసయ్యారు.