మరిది నొప్పి, నా అంకెలు

మా మరిది ఏం చెప్పినా అందులో సగమే నమ్మాలని కాపురానికొచ్చిన మొదటి నెలలోనే తెలుసుకున్నాను. కరెంటు పనికి వెళ్ళి రెండు ఫ్యాన్లు బిగించి వస్తే ఊరికంతటికీ తనే వెలుగు తెచ్చినట్టు చెప్పేవాడు. జ్వరం నూరుంటే నూట మూడు అనేవాడు. "కాస్త తగ్గించి చెప్పవయ్యా" అని నేను. "మీవాళ్ళు నిన్ను కత్తెరతో సహా పంపారా వదినా?" అని అతను. అలాగే నడిచిపోయేది.

రెండేళ్ళ క్రితం ఒక హాల్లో పైకప్పుకు లైట్లు బిగిస్తూ నిచ్చెన మీద నుంచి పడ్డాడు. మెడ కింది భాగంలో వెన్నుపాము నలిగింది. చేతులు కదులుతాయి గాని వేళ్ళకు పట్టు లేదు. రొమ్ము నుంచి కిందికి గిల్లినా తెలియదు. అలాంటిది, ఆ తెలియని కాళ్ళే మండిపోతున్నాయంటాడు. "వేడి ఇసుకలో మోకాళ్ళ దాకా పాతిపెట్టినట్టుంది వదినా." ఒకసారి వేడి టీ పాదం మీద ఒలికి బొబ్బ లేస్తే, నేను చూసి చెప్పేదాకా అతనికి తెలియలేదు. ఏమీ ఒలకనప్పుడు మంటేమిటి? పైకి అనలేదు. లోపల మాత్రం అనుకున్నాను.

సరిగ్గా ఈ నొప్పి మీదే పరిశోధన చేస్తున్న కేంద్రం ఒకటుందని తెలిసి అక్కడికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపిక ఎక్కువ. ఏ మాట చెప్పినా "సున్నా నుంచి పది లోపు ఎంత?" అని అడిగేది. మరిది ఆవిడకు అంకెలమ్మ అని పేరు పెట్టేశాడు.

"దెబ్బ తగిలిన చోటికి పైనున్న నరాల కణాలకు కింది నుంచి కబుర్లు ఆగిపోయాయి" అని చెప్పిందావిడ. "అవి ఊరికే కూర్చోవు. తామే కబుర్లు పుట్టిస్తాయి. మెదడేమో అవి కాళ్ళ నుంచే వచ్చాయనుకుంటుంది."

"అంటే పుకార్లన్నమాట" అన్నాడు మరిది.

"పుకారే. కానీ అది విని పరుగెత్తే మనిషికి ఆయాసం నిజమే కదా?"

పరిశోధన రెండో దశలో వెన్నులోకి సన్నని తీగ పంపి, దాని ద్వారా కాస్త కరెంటు ఇచ్చి ఆ కణాలను శాంతింపజేసి చూస్తారట. "ఇన్నేళ్ళూ షాక్ కొట్టకుండా తప్పించుకున్నాను. ఇప్పుడు అడిగి మరీ కొట్టించుకోవాలి" అని నవ్వాడు. నవ్వాడే గాని, ఆ తీగ మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో ఇంటికొచ్చే దారిలో తెలిసింది. దారి పొడుగునా అదే మాట.

అయితే అందరినీ తీసుకోరు. నాలుగు వారాలు రోజుకు మూడుసార్లు నొప్పి అంకె పుస్తకంలో రాయాలి. సగటు ఆరు దాటినవాళ్ళకే చోటు. అతను కలం పట్టలేడు కాబట్టి పుస్తకం నా చేతికిచ్చారు. "ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి. మీకేమనిపించిందో వద్దు" అంది అంకెలమ్మ. తలూపాను.

మొదటి రోజు మధ్యాహ్నం టీవీలో మ్యాచ్ చూస్తూ, ఎవడో క్యాచ్ వదిలేస్తే వాణ్ణి తిడుతూ, "తొమ్మిది" అన్నాడు. తొమ్మిదట! నా రెండో కాన్పు పద్దెనిమిది గంటలు పట్టింది. పళ్ళ బిగువున భరించాను, పక్క మంచం ఆవిడకు నా గొంతు వినపడలేదు. దానికి నేను ఎనిమిది వేసుకుంటాను. ఈ లెక్కన ఇతనిది ఆరు కూడా ఎక్కువే. ఆరు వేశాను. సాయంత్రం ఎనిమిది అన్నాడు, ఐదు వేశాను. పుస్తకం వంటింటి అలమరలో పెట్టుకునేదాన్ని. తర్వాత అదే అలవాటైంది. ఒకే అంకె వరుసగా పడితే చూడ్డానికి బాగుండదని మధ్యలో ఒక నాలుగు, ఒక ఆరు కూడా కలిపాను. తప్పు చేస్తున్నాననిపించలేదు. పెంచి చెప్పేదాన్ని సరిచేస్తున్నాననుకున్నాను.

నాలుగు వారాలయ్యాక మళ్ళీ కేంద్రానికి వెళ్తే, అంకెలమ్మ పుస్తకం చూసి లెక్క కట్టింది. "ఐదుకు కాస్త పైన. మందులతోనే మీకు బాగా అదుపులో ఉందండీ. నిజానికి సంతోషించాలి. కానీ తీగకు మిమ్మల్ని తీసుకోలేం."

చివరి పరీక్షగా ఆవిడ మెత్తటి కుంచె తీసి మరిది మెడ కింద, తెలిసే చోటికీ తెలియని చోటికీ మధ్య సన్నగా రాసింది. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కొసల్లోంచి నీళ్ళు కారాయి.

"ఇక్కడ ఇలా ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. చొక్కా గుండీ పెడితే బ్లేడు పెట్టినట్టుంటుంది."

ఇంటికెవరొచ్చినా "పరువు తీయకు" అని అతని పై గుండీలు పెట్టేది నేనే.

"ఇప్పుడెంత?" అంది ఆవిడ.

"తొమ్మిది అనిపిస్తోంది డాక్టరమ్మా. కానీ నా తొమ్మిది మీ ఐదు కాబోలు."

అక్కడ చెప్పాల్సింది. చక్రాల కుర్చీ పిడి పట్టుకుని, తిన్నగా తోయడమే పెద్ద పనన్నట్టు నేల చూస్తూ బయటికి తోసుకొచ్చాను.

ఆ తర్వాత అతను అంకె చెప్పడం మానేశాడు. "ఎలా ఉంది?" అంటే "నువ్వే చెప్పు వదినా. నాకు లెక్క తెలియదని తేలిపోయిందిగా" అనేవాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే నన్ను కాల్చింది. మంట ఎక్కువై చెమటలు పట్టినా, ఇదంతా తన భ్రమేనేమోనని తనను తానే అనుమానించుకుంటున్నాడు. మూడో రోజు పక్కింటివాళ్ళు చూడ్డానికొస్తున్నారంటే, "గుండీలు పెట్టెయ్. అంత నొప్పేం కాదులే" అన్నాడు.

గుండీ మీద వేళ్ళు పెట్టి ఆగిపోయాను.

"నువ్వు ఐదు అనలేదయ్యా" అన్నాను. "నేను రాశాను."

అర్థం కానట్టు చూశాడు. "ఏ రోజు?"

"అన్ని రోజులూ. నువ్వు చెప్పినదాంట్లో రెండో మూడో తీసేసి రాశాను."

తలుపు దగ్గర పక్కింటివాళ్ళ చెప్పుల చప్పుడు వినిపిస్తే, మా ఆయన వాళ్ళకు ఏదో చెప్పి పంపేశారు.

"పోనీ, నేనేమన్నానో గుర్తుందా?" అన్నాడు మరిది.

ఎనభై నాలుగు అంకెలు. మొదటి రోజువి తప్ప ఒక్కటీ గుర్తులేదు. తల అడ్డంగా ఊపాను.

"నాకూ గుర్తులేదు వదినా. నువ్వు రాస్తున్నావు కదా, చెప్పేసి మర్చిపోవచ్చనుకున్నా."

కాసేపటికి అతనే అన్నాడు, "ఫోన్ తియ్యి. అంకెలమ్మకు నువ్వే చెప్పు. నా ముందే చెప్పు."

చెప్పాను. స్పీకర్లో ఆవిడ ఊపిరి వినపడింది. జ్ఞాపకం మీద దిద్దడానికి వీల్లేదనీ, ఆ పుస్తకం మొత్తం కొట్టేస్తాననీ చెప్పింది. ఈ విడతలో చోట్లు నిన్ననే నిండిపోయాయట. మళ్ళీ ఎనిమిది నెలల తర్వాత, కొత్త పుస్తకంతో. "ఈసారి ఇంకెవరైనా రాస్తే మంచిదండీ. మీరొక్కరే కాదు, ఇళ్ళల్లో ఇలా జరుగుతూనే ఉంటుంది" అంది. తిట్టినా బాగుండేది.

మా ఆయన గొంతు పెంచే మనిషి కాదు. వంటింట్లోకి వచ్చి గ్లాసుతో నీళ్ళు తాగి, మెల్లగా అడిగారు. "వాడికి పన్నెండేళ్ళప్పుడు చెయ్యి విరిగింది. రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు. తెలుసా నీకు?"

తెలియదు. జ్వరాన్ని పెంచి చెప్పే మనిషి విరిగిన చేతిని దాచుకుంటాడని నేను ఊహించనైనా లేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. మరిది నాతో మాట్లాడతాడు. అన్నం బాగుందంటాడు, పిల్లల చదువులడుగుతాడు. నా మీద జోకులు మాత్రం వేయడు. మొన్న సోమవారం కొత్త పుస్తకం వచ్చింది. మా ఆయన ఆఫీసుకు వెళ్ళేముందు, మధ్యాహ్నం ఫోన్లో, తిరిగొచ్చాక అడిగి రాస్తున్నారు.

ఇవాళ పొద్దున నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. ముందుగదిలో టీవీ మోగుతోంది. మరిది దేనికో పగలబడి నవ్వుతున్నాడు.

"ఎంతరా?" అన్నారు మా ఆయన.

"ఎనిమిది."

ఆయన మారు మాట్లాడకుండా రాసుకున్నారు. ఇవతల, తడిగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆ మాట చెవిన పడీ పడకముందే నా మనసు ఆరు వేసేసింది.