దొరకి తోడు

"మీరు అబద్ధం చెబుతున్నారు" అని కుందేళ్ళావిడ ఫోన్లో అనేసరికి లాండ్రీ కొట్టు కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఇస్త్రీపెట్టె ఉన్న సంగతే మరిచిపోయింది. ఎవరిదో తెల్లచొక్కా కాలరు మీద గోధుమరంగు మచ్చ పడ్డాక గానీ తేరుకోలేదు.

ఆమెకి కోపం ఎక్కువే, నోరూ పెద్దదే. కానీ చెయ్యని పని చేశానని చెప్పడం మాత్రం ఆమె ఇంటా వంటా లేదు.

ఇదంతా దొర గురించి. దొర అంటే వెనకగదిలో ఉండే తెల్ల కుందేలు. దాని జంట దొరసాని కడుపుబ్బి చచ్చిపోయి మూడు నెలలైంది. అప్పట్నుంచీ దొర గోడవైపు తిరిగి కూచుంటోంది. కట్ట ఆకుకూర వేస్తే నాలుగు రెమ్మలు కొరికి వదిలేస్తోంది. చేతికి వెన్నెముక తగులుతోంది. పశువుల డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, "రోగం ఏమీ లేదమ్మా, ఒంటరితనం. తిండి ఇలాగే తగ్గితే ఎక్కువ రోజులు బతకదు. తోడు తీసుకురండి" అన్నాడు.

"దానికేముంది, సంతలో ఏదో ఒకటి పట్టుకొచ్చి పడేస్తే పోలా" అన్నాడు మొగుడు.

"నీకు చెప్పులు కొనడానికే నాలుగు కొట్లు తిరుగుతాం. ప్రాణమున్న దానికి ఏదో ఒకటా!" అని కసిరి, ఆమె దిక్కులేని కుందేళ్ళని సాకే ఆవిడ దగ్గరికి బయల్దేరింది. దొర పిరికిది కాబట్టి, దాని మీద పెత్తనం చెయ్యని ఆడకుందేలు కావాలంది. ఆవిడ మూడింటిని చూపించింది. ఒకటి గంతులు ఆపదు. ఇంకొకటి ఊచలు కొరుకుతూ వచ్చేపోయేవాళ్ళందరినీ బెదిరిస్తోంది. మూడోది, చెవి చిరిగిన బూడిదరంగుది, మెల్లగా వచ్చి కోడలి చీరకంటుకున్న దొర వెంట్రుకల్ని వాసన చూసి, అక్కడే కాళ్ళు చాపుకుని పడుకుంది. కోడలు మరో మాట లేకుండా దాన్నే ఎంచుకుంది.

"అరువుగా ఇస్తున్నాను. కుదిరితే మీది, కుదరకపోతే నాది" అంది కుందేళ్ళావిడ. ఆ తర్వాత చిలక్కి చెప్పినట్టు చెప్పింది. రెండూ ఒకదాన్నొకటి చూసుకునేలా బోన్లు పక్కపక్కనే పెట్టాలి. రోజూ దీని కింద పరిచిన గుడ్డ దానికి, దానిది దీనికి మార్చాలి. కుందేలు మొహం చూసి గుర్తుపట్టదు, వాసన చూసి గుర్తుపడుతుంది. పదిహేను రోజులయ్యాక, రెండింటిలో ఏదీ తనదనుకోని చోట కలపాలి.

కోడలు అన్నీ చేసింది. పొద్దున్నే రెండు గుడ్డలూ తీసి పీట మీద పెట్టేది. కొట్లో రద్దీ తగ్గాక, మధ్యాహ్నం, నీలం గుడ్డ ఇటు, పసుపు గుడ్డ అటు పరిచేది. ఒక్క రోజు తప్పలేదు. జ్వరమొచ్చిన రోజు కూడా లేచి మార్చింది. పదహారో రోజు స్నానాలగదిలో రెండింటినీ వదిలింది. రెప్పపాటులో బొచ్చు గాల్లోకి లేచింది. దొర ముక్కు మీద రక్తం. ఎంతో సాధువనుకున్న బూడిదది గయ్యాళిలా మీద పడింది. విడదియ్యబోతే కోడలి చేతికి రెండు గాట్లు పడ్డాయి.

ఆ సంగతి చెబుదామని ఫోన్ చేస్తే, ఇదుగో, ఈ మాట!

"గుడ్డలు మార్చి ఉంటే అంతలా కొట్టుకోవు. మీరు మార్చలేదు. ఆదివారం వచ్చి నా కుందేల్ని తీసుకెళ్ళిపోతాను" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఇక కోడలు ఒంటికాలి మీద లేచింది. దుప్పట్లు ఇవ్వడానికొచ్చిన వాళ్ళకి చెప్పింది, తీసుకెళ్ళడానికొచ్చిన వాళ్ళకి చెప్పింది. "నేను అబద్ధాలకోరునట! ఇంతకాలం ఈ కొట్లో ఒక్క జేబురుమాలు మారిపోలేదు, అలాంటిది రెండు గుడ్డలు మార్చడం నాకు చేతకాదట! అది తీసుకుపోతే దొర గతేం కావాలి? గోడ చూస్తూ చావాలా?" అవతలివాళ్ళు తలూపి, రసీదు తీసుకుని బయటపడ్డారు.

తొట్టి దగ్గర్నుంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడకీ రోషం పొడుచుకొచ్చింది.

"మన మాట అబద్ధమందా? రానీ ఆవిణ్ణి, నేను చెబుతాను. నువ్వు రోజూ మార్చడం నా కళ్ళారా చూశాను. పైగా ఒక్కనాడైనా మురికి గుడ్డ పరిచామా? పీట మీద నువ్వు పెట్టడమే ఆలస్యం, నేను ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్ళీ అక్కడే పెడుతున్నాగా!"

కోడలు చేతిలో రసీదు పుస్తకం బల్ల మీద పడేసింది. వెనకగదిలోకి పరుగెత్తి దొర కిందున్న గుడ్డ లాగి చూసింది. నాలుగు మడతల గీతలు కత్తిలా ఉన్నాయి. ముక్కుకి ఆనించుకుంది. సబ్బు. పదిహేను రోజులూ ఆ మూగజీవాలు ఒకదానికొకటి సబ్బు వాసన పంపుకున్నాయి. మడతపెట్టిన గుడ్డ కనబడితే ఆ ఇంట్లో ఎవరికి అనుమానం వస్తుంది? సబ్బు వాసన ఆ ఇంట్లో ఏ ముక్కుకి తెలుస్తుంది?

"ఎంత పని చేశారత్తయ్యా!" ఆమె గొంతు వీధిలోకి వినబడింది. "ఎవరు ఉతకమన్నారు మిమ్మల్ని?"

"కంపు కొడుతుంటే ఉతక్కుండా ఎలా ఉంటాను? ఉతకొద్దని నాతో చెప్పావా?"

"చెప్పాలా? వాసన పోతే ఇంకేం మిగులుతుంది ఆ గుడ్డలో? ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలియదా? ఉతికేముందు నన్ను ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయేది?"

అత్తగారు పీట మీద కూచుంది. ఆవిడ మొహం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు.

"నువ్వడిగావా నన్ను?"

"నేనేం ఉతికాను?"

"మీ మావయ్య పోయిన మర్నాడు, కొక్కేనికి తగిలించిన చొక్కాతో సహా అన్నీ ఉతికేశావు. నేను లేచొచ్చేసరికి తీగ మీద ఉన్నాయి. నన్ను ఒక్క మాట అడిగావా?"

కోడలు చేతిలో గుడ్డ కిందికి దించింది. రెండేళ్ళుగా అది తను చేసిన మంచి పనే అనుకుంటోంది. దుఃఖంలో ఉన్న అత్తగారికి చాకిరీ తప్పించానని చుట్టాలతో చెప్పుకుంది కూడా. కాలర్ల మురికి వదలగొట్టి, గంజి పెట్టి, పెళపెళలాడేలా ఇస్త్రీ చేసి బీరువాలో సర్దింది. ఆ బీరువా అత్తగారు మళ్ళీ తెరవడం తను చూడలేదన్న సంగతి ఇప్పుడు తట్టింది.

"ఆ రోజే నన్ను తిట్టొచ్చు కదత్తయ్యా" అంది చివరికి. ఆమెకి తన మీదే ఒళ్ళు మండిపోతోంది.

"తిడితే ఆ వాసన తిరిగొస్తుందా?" అని అత్తగారు లేచి తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆదివారానికి మిగిలిన రెండు రోజులూ కోడలు గుడ్డల్ని ఉతక్కుండానే ఇటుది అటు మార్చింది. అత్తగారు ముక్కు మూసుకుంది గానీ ముట్టుకోలేదు. ఆదివారం పొద్దున చూస్తే, బూడిదదాని గుడ్డలో మూతి దూర్చి పడుకుని ఉంది దొర. రాత్రి వేసిన ఆకుకూరలో సగం అయిపోయింది.

అన్న మాట ప్రకారం కుందేళ్ళావిడ బుట్టతో సహా దిగింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఇప్పటికైనా ఒప్పుకుంటారా, గుడ్డలు మార్చలేదని?"

"మార్చానండి. ఉతికి మార్చాం."

"ఉతికారా!" ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "వాసన కోసం కదా మార్చమన్నాను! ఎవరమ్మా ఆ తెలివైన మనిషి?"

అత్తగారు తడిచేతులతోనే ముందుకొచ్చింది. ఆవిడ నోరు విప్పేలోగా కోడలు అందుకుంది.

"నేనేనండీ. ఎవర్నీ అడక్కుండా ఉతికేశాను. తప్పు నాదే."

మాట కుందేళ్ళావిడతో అంటూనే ఆమె అత్తగారివైపు చూసింది. అత్తగారు చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత కుందేళ్ళావిడ చేతిలోంచి బుట్ట తీసుకుని గోడవారన పెట్టింది.

"తెలియక చేసింది లెండి, కావాలని కాదు. ఇంకో పదిహేను రోజులు ఉండనివ్వండి" అంది.

కుందేళ్ళావిడ లోపలికెళ్ళి, గుడ్డలో మూతి పెట్టుకున్న దొరని చాలాసేపు చూసింది. తర్వాత ఖాళీ బుట్ట పట్టుకుని వెళ్ళిపోయింది.