ఇరవై నాలుగు గంటల డబ్బా

మూత్రం కోసం దేవుడికి మొక్కుకునే రోజొకటి వస్తుందని తారాబాయి కలలో కూడా అనుకోలేదు.

మొగుడు శంకరప్ప కిడ్నీలు చెడి రెండేళ్లయింది. కడుపుకు పెట్టిన గొట్టం గుండా రోజుకు నాలుగు బ్యాగుల మందునీళ్లు ఎక్కించడం, దించడం అంతా ఆమె పనే. "కిడ్నీల్లో ఇంకా కొంచెం జీవం ఉంది. మూత్రం వస్తున్నన్నాళ్లు ఆయుష్షుకు అంత ఢోకా ఉండదు" అని హైదరాబాద్ డాక్టర్ మొదట్లోనే చెప్పాడు. శంకరప్ప ఆ మాటనే పట్టుకు వేలాడాడు. షుగరు అతని కళ్లు తినేసింది కాబట్టి కొలత చూసేది ఆమె. పొద్దున లేస్తూనే అడుగుతాడు.

"ఎంతొచ్చింది?"

"నాలుగొందలు."

వచ్చింది నూట యాభై. నిజం చెబితే ఆ పూట ముద్ద ముట్టడు. అల్లం తూకంలో మోసం చేసిన షావుకారిని జహీరాబాద్ బజార్లో నిలబెట్టి కడిగేసిన మనిషి, మొగుడి దగ్గర రోజూ కొలత పెంచి చెప్పింది. ఏం చేస్తుంది మరి?

ఈసారి పరీక్షకు ఒక రోజంతా వచ్చిన మూత్రం డబ్బాలో పట్టి తెమ్మన్నారు. తెల్లారి చూస్తే అడుగున యాభై మిల్లీలే ఉంది. బస్సుకు టైమవుతోంది. శంకరప్ప ఉతికిన చొక్కా తొడుక్కుని, డబ్బా జాగ్రత్త అంటున్నాడు. ఆమె డబ్బా పట్టుకుని బాత్రూంలోకి పోయి, తనది కలిపింది.

సాయంత్రం రిపోర్టు చూసి డాక్టర్ మొహం విప్పారింది.

"శంకరప్ప గారూ, మీ కిడ్నీలు బాగా పనిచేస్తున్నాయి. ఇక నాలుగో బ్యాగు వద్దు, మూడు చాలు."

ఎన్ని నెలలకో శంకరప్ప నవ్వాడు. "చూసినవా? నువ్వే ఉత్తగ ఫికర్ జేస్తవు."

ఆ నవ్వు చూసి ఊరుకుందామనే అనిపించింది ఆమెకు. కానీ బ్యాగు తగ్గితే విషం ఒంట్లోనే నిలుస్తుంది. మొగుణ్ణి తన చేత్తో తానే చంపుకున్నట్టవుతుంది.

"సార్, బ్యాగు తగ్గియ్యకున్రి. అండ్ల నాది కలిపిన."

డాక్టర్ రాయడం ఆపాడు. శంకరప్ప మొహం మీద నవ్వు అట్లాగే ఉండిపోయింది.

"నీదా? మరి నాదెంత?"

"యాభై."

"రోజు నాలుగొందలంటివి గద?"

తారాబాయి ఏడుస్తూ తల అడ్డంగా ఊపింది. అది అతనికి కనబడదని గుర్తొచ్చి, "గంత రాలే" అంది.



"గా యాభయ్యన్న నాదేనా, తారా?"

ఆమె అతని చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. "నీదే. నా మీదొట్టు."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.