ముందు టీ ఇయ్యమ్మా

"ముందు టీ ఇయ్యమ్మా సుజనా, తర్వాత మాట్లాడుదువులే," అన్నాడు మేనేజర్ ప్రదీప్‌కుమార్.

డోన్ పక్కనున్న నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో నెలనెలా జరిగే సేఫ్టీ కమిటీ మీటింగ్ అది. కమిటీలో ఒక ఆడమనిషి ఉండాలని తనిఖీకి వచ్చిన అధికారి చెప్పిపోతే, ఆఫీసులో హాజరు వేసే సుజన పేరు చేర్చారు. పేరు చేరింది కానీ కుర్చీ చేరలేదు. తలుపు పక్కన స్టూలు మీద కూర్చునేది. టీలు పంచి, గ్లాసులు కడిగి వచ్చేసరికి మగవాళ్లందరూ సంతకాలు పెట్టి లేస్తూ ఉండేవారు. ఆమె సంతకం కోసం మాత్రం ఓపిగ్గా ఆగేవారు.

ఆమె భర్త వీరేంద్రకు కుర్చీ ఉంది. పాలిష్ మిషను నడుపుతాడు, కార్మికుల తరఫున కమిటీ సభ్యుడు. కోయిలకుంట్లలో మగ్గం సాగక, ఆయన తల్లి అనసూయమ్మను వెంటబెట్టుకుని ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. ఇద్దరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్తారు, ఒకే గేటులోంచి బయటికి వస్తారు. ఇంటికి రాగానే ఆయన మంచం మీద వాలతాడు, ఆమె పొయ్యి దగ్గరికి నడుస్తుంది. ఒక ఉదయం అన్నం వడ్డిస్తూ చెప్పింది, ఆయన మిషను కరెంటు వైరు నీళ్లలో పడి ఉంటోందనీ, దాని అతుకుకు చుట్టిన టేపు ఊడిపోయిందనీ. "నా మిషను సంగతి నాకు తెలీదా? ఆడోళ్లకు అన్నీ బయమే," అన్నాడు వీరేంద్ర, మజ్జిగ పోయమని చెయ్యి చూపిస్తూ.

అందుకే ఆ రోజు మేనేజర్ అడిగినా టీ కోసం వెళ్లలేదు. నిలబడి ఆ వైరు సంగతి చెప్పింది. గదిలో అందరూ వీరేంద్ర వైపు చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది, అంతలోనే నవ్వేశాడు. "ఇంట్లో గ్యాసు కట్టేసినాక గూడా మళ్లా మళ్లా పోయి చూస్తాది సార్ ఈమె. అదొక జబ్బు." అందరూ నవ్వారు. తను నవ్వకపోతే ఆయన పరువు పోతుందని సుజన కూడా నవ్వింది. నవ్వుతూనే లేచి టీ తెచ్చింది. సాయంత్రం దారి పొడుగునా ఆయన నాలుగడుగులు ముందే నడిచాడు. గడప దగ్గర ఆగి అన్నాడు: "నలుగురిలో నన్ను తక్కువ చేస్తివి."

ఆ నెల తిరగకుండానే, ఒక ఉదయం ఆఫీసులో ఫ్యాను ఆగిపోయింది. షెడ్డులోంచి అరుపులు వినబడ్డాయి. రాతిబురద ఎత్తే గురమ్మ రొమ్ము బాదుకుంటూ ఎదురొచ్చింది. సుజన పరుగెత్తి వెళ్లేసరికి వీరేంద్ర ఆ నీళ్లలో పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. కరెంటు ఎక్కడ ఆపాలో ఎవరికీ చప్పున తోచలేదట, ఆపేసరికే ఆలస్యమైపోయింది. ఆయనకు తెలుసు, చెప్పడానికి ఆయనే లేడు.

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లతో అనసూయమ్మ ఒకటే మాట. "మీటింగులో ఎత్తిందంట ఆ మాట. దీని నోరు తగిలినాది నా బిడ్డకు." సుజన లోపల వచ్చినవాళ్లకు టీ కాస్తూ వినేది. చెప్పింది నేను, నవ్వింది ఆయన అని ఒక్కసారన్నా అనలేదు. బతికుండగా కాపాడిన పరువును పోయాక బజారున ఎలా వేస్తుంది? ఆ పరువు బరువు ఆయనకు ఎన్నడూ తెలియదు. రాత్రి పక్కలో ఖాళీ వైపు తిరిగి, ఆ ఒక్క రోజు నేను నవ్వకుండా ఉంటే, మొండిగా నిలబడితే అనుకునేది. ఏడుపు కూడా అత్తకు వినబడకుండా ఏడవాలి.

పెద్దకర్మ అయ్యాక పనికి వెళ్లింది. మళ్లీ మీటింగ్. మేనేజర్ మెల్లగా వీరేంద్ర కుర్చీ చూపించాడు. "ఆడ కూర్చో తల్లీ." కుర్చీ కావాలనుకుంది నిజమే. ఈ కుర్చీ కాదు. సుజన తలుపు దగ్గరే నిలబడింది.

"ఈడొద్దు సార్. మిషన్లు ఆపించండి, షెడ్డులో కూర్చుందాం. అందరూ రావాల, ఆడోళ్లు గూడా."

ఆమె ముఖం చూసి ఎవరూ కాదనలేదు. రాతి బండల మీద అందరూ కూర్చున్నారు. "ఈ పొద్దు పనిలో మీకు యాడ బయమైందో చెప్పండి," అంది. గురమ్మ గొంతు తగ్గించి, "చెప్తే జరుగుతాదేమో తల్లీ," అంది.

సుజన అంది: "చెప్పినందుకు జరగలేదక్కా. చెప్పినాక ఎవరూ పోయి చూడలేదు."

గురమ్మ లేచి కోత మిషను బెల్టు చూపించింది. దానికి మూత లేదు, ఒకసారి తన కొంగు లాగేసిందట. రేపు పెట్టిస్తానన్నాడు మేనేజర్. "పెట్టిందాకా ఆ మిషను నడపొద్దు సార్," అంది సుజన. "నడపను," అన్నాడు కోత మిషను నడిపే ఓబులేష్. ఆ వెనకే ఒక్కొక్కరూ నోరు విప్పారు. సాయంత్రంలోగా మూత బిగించారు. కరెంటు ఎక్కడ ఆపాలో ప్రతి ఒక్కరి చేతా ఆపించి చూశారు. ఇంత సులువా అనుకుంది సుజన. ఆ సులువే ఆమె గుండెను పిండేసింది. గేటు దాటి ఒక్కతే నడుస్తూ, కళ్లు కనబడక దారిలో రెండుసార్లు ఆగింది.

ఆ కబురు ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. అనసూయమ్మ గడప మీదే కూర్చుని ఉంది.

"మిషన్లు ఆపించి అన్నీ బాగు చేయించినావంట. ఆ పనేదో ముందే చెయ్యకూడదా? నా బిడ్డ బతికిపోతాండె గదా! మీటింగులో అంటే ఏమొస్తాది, ఇంట్లో ముందే ఏంటికి చెప్పలేదే?"

ఎప్పటిలా తల వంచుకుని లోపలికి పోవచ్చు. పొయ్యి వెలిగించవచ్చు. సుజన వెళ్లలేదు. అత్త పక్కన గడప మీదే కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

"చెప్పినా అత్తా," అంది. "అందరికంటే ముందు నీ కొడుక్కే చెప్పినా."