దేవునికిచ్చిన డీజిలు కారు

ఏసుకుమార్ సార్ కారు కొని తొమ్మిదేండ్లయినా సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు అట్లనే ఉండాయి. ఎండాకాలంలో కడపలో ఆ కవర్ల మీద కూచుంటే, దిగేటప్పుడు తొడల చర్మం ఊడొచ్చినంత పనైతాది. అయినా సార్ తియ్యడు. తీస్తే సీట్లు పాతబడతాయంట. సీటు కొత్తగా ఉండాల, మనిషి ఏమైనా పర్వాలేదు.

సార్ పాలిటెక్నిక్కులో ఇంగ్లీషు లెక్చరరు. ఆయన కారు చూసే మెకానిక్కు దస్తగిరి రెండేండ్లనుంచీ ఒగటే మాట చెప్తా వచ్చినాడు: టైమింగ్ బెల్టు మార్చాల సార్ అని. ఇంజన్లో కింది చక్రాన్నీ పై చక్రాన్నీ జతగా తిప్పేది ఆ రబ్బరు బెల్టే. డీజిలు బండికి అది తెగితే ఊరికే ఆగిపోదు, లోపల ఒగదాన్నొగటి గుద్దుకోని ఇంజనే పోతాది. పోతాన్న బండిలో తెగితే స్టీరింగు బిగుసుకుంటాది, బ్రేకు రాయి మాదిరి అయితాది. లచ్చ కిలోమీటర్లకు మార్చాల్సింది, సార్ బండి ఎప్పుడో దాటేసింది.

సార్ ప్రతిసారీ శ్రద్ధగా వినేవాడు. విని, ఒగసారి కొత్త హారన్ వేయించినాడు. ఇంగోసారి ముందర అద్దం కింద వాసన సీసా పెట్టించినాడు. హారనైతే వినపడతాది, సీసా అయితే వాసనన్నా వస్తాది. బెల్టు మార్చినామని ఎవురికి చూపియ్యాల? చుట్టాలొచ్చినప్పుడల్లా బానెట్ ఎత్తి నిలబడల్లనా?

ఈ ఏడాది సార్ కొత్త కారు బుక్ చేసినాడు. పాతదాన్ని కొనేదానికి ఇద్దరు వచ్చిరి. ఇద్దరూ మెకానిక్కులను వెంటబెట్టుకోని వచ్చిరి. ఆ మెకానిక్కులు సీటు కవర్ల తట్టు చూడనన్నా చూళ్ళేదు, బెల్టు ఎప్పుడు మార్చినారని అడిగిరి. ఆ దినమే సార్‌కు కారును దేవుని సేవకు ఇచ్చేద్దామని ప్రేరేపణ కలిగింది. దేవుడైతే మెకానిక్కును పిల్చుకోని రాడు.

చర్చిలో కోతపండగకు సంగమోళ్ళందరూ గుమ్మడికాయలు, కోళ్ళు, శెనక్కాయల మూటలు తెచ్చినారు. సార్ కారు తెచ్చినాడు. గుమ్మడికాయలు తెచ్చినోళ్ళ ముఖాలు చిన్నబోయినాయి. సార్ భార్య దీవెన అది గమనించి, తల మీద కొంగు ఇంగొంచెం ముందుకు లాక్కోని వినయంగా కూచునింది. పాస్టరు ఏసేపు అయ్యగారు అంతవరకూ పాత మోపెడు మీద పల్లెలు తిరిగేవాడు. తాళం చేతికిస్తే ఏడ్చేసినాడు. వెనకద్దం మీద సార్ పేరు, డిగ్రీలు రాయించినారు. ఎం.ఫిల్. అక్షరాలు చిన్నగా పడినాయని సార్ చెరిపించి మల్ల రాయించినాడు.

కష్టం ఆ దినం నుంచే మొదలైంది. అయ్యగారు కృతజ్ఞత ఉన్న మనిషి. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, కారు ఆ దినం ఎవురెవురికి పనికొచ్చిందో చెప్పేవాడు. ఈ దినం ఒగ నిండు చూలాలిని ఆస్పత్రికి తీస్కపోయినాము సార్. ఈ దినం సండేస్కూలు పిల్లోళ్ళను గండికోటకు తీస్కపోయినాము సార్, ఎనిమిదిమంది పట్టినారు, మీ పేరు చెప్పి పాటలు పాడిరి. సార్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండేది. దీవెన అడిగితే, పప్పులో కారం ఎక్కువైందనేవాడు. ఆమె మరుసటి దినం కారం తగ్గించేది. మల్ల ఫోన్ వచ్చేది.

నిజం చెప్పేయొచ్చు గదా అని ఎవురన్నా అడగొచ్చు. చెప్పడానికి సార్ శానా తంటాలు పడినాడు. అయ్యగారూ, బండిని ఒగసారి దస్తగిరికి చూపిద్దాము, ఊరికే జనరల్ చెకప్పు అన్యాడు. అయ్యగారు నవ్వి, సీటు కవర్లు కూడా చినగకుండా చూసుకున్న బండికి చెకప్పు యాల సార్ అనేసె. పోనీ ఒగ దినం బండి నాకియ్యండి, దాన్ని చూడక మనసు గుంజుతాంది అన్యాడు. అది సంగం పెద్ద వసంతకుమార్ చెవిలో పడె. ఇచ్చిన కానుకను వెనక్కి తీసుకున్నోళ్ళకు ఏమైతాదో బైబిల్లో ఉండాదని ఆయన అందరి ముందరా గుర్తు చేసినాడు. సార్ మనసు గుంజడం అప్పటికప్పుడే తగ్గిపోయింది.

ఆ వారమే రాయచోటిలో ఆడోళ్ళ ప్రార్థన కూటాలు. అయ్యగారు నలుగురు ముసలోళ్ళను కార్లో పిల్చకపోతానన్యాడు. రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు ఘాటు ఎక్కాల, వచ్చేటప్పుడు దిగాల. అయ్యగారు తోలడం నేర్చుకోని మూడు నెల్లు కాలేదు. సార్ రాత్రంతా పొర్లి, తెల్లారి పోయి, బండి నేను తోలతాను అన్యాడు. తాను తోలితే బెల్టు కొంచెం మర్యాదగా ఉంటాదని ఆయన నమ్మకం. లెక్చరరు గారే డ్రైవరుగా వస్తాండాడని సంగమంతా ఇంగోసారి మెచ్చుకునింది.

పోయేటప్పుడు ఘాటు ఎక్కింది. సార్ చొక్కా తడిసి వీపుకు అంటుకునె. వెనక కూచున్న విశ్వాసమ్మ, కూలిపనికి పోయి పోయి నడుం వంగిపోయిన ముసలామె, తలుపు మీద పిడిని రెండు చేతులా పట్టుకోని, విమానంలో పోతాన్నట్లుండాది నాయనా అనింది. సార్‌కు ఆ మాట నచ్చలేదు.

మధ్యాన్నం తిరిగొచ్చేటప్పుడు ఘాటు పైన గువ్వలచెరువులో అందరూ దిగినారు. ఆడికొచ్చి పాలకోవా తినకుండా పోయినోళ్ళు లేరు. ముసలోళ్ళు అంగడి ముందర బల్ల మీద వరసగా కూచోని తింటాండారు. విశ్వాసమ్మ తన కొంగు ముడి విప్పి, సార్ కోసం వేరేగా ఒగ పొట్లాం కొనింది. నీ పున్యాన ఈ వయసులో కూటాలు చూసినా నాయనా, తిను, అనింది.

సార్ ఒగ తునక నోట్లో పెట్టుకున్యాడు. అది ఎంతసేపటికీ కరగలేదు. కింద రోడ్డు మలుపులు తిరుగుతా కనపడతాంది.

"అయ్యగారూ," అన్యాడు, "ఈ బండి ఘాటు దిగకూడదు."

"ఏమయ్యె సార్?"

"లోపల బెల్టొగటుండాది. అది తెగితే బ్రేకు పడదు. రెండేండ్ల కిందటే మార్చాల్సింది, మార్చలేదు. నాకు తెలుసు. తెలిసే మీకిచ్చినా."

అయ్యగారు చేతిలో ఉన్న కోవా కింద పెట్టినాడు. ముసలోళ్ళు నమలడం ఆపినారు.

"మేము తెలీక ఎక్కినాము," అనింది విశ్వాసమ్మ. "నువ్వు తెలిసి ఎట్లెక్కితివి నాయనా?"

ఆమె బల్ల మీద ఉన్న పొట్లాన్ని ముడిచి తన సంచిలో పెట్టుకునింది.

అయ్యగారు తిట్టలేదు. తిడితే సార్‌కు కొంచెం బాగుండేది. రోడ్డు మీదికి పోయి బస్సు ఆపి, నలుగురినీ చెయ్యి పట్టి ఎక్కించి వచ్చినాడు. దస్తగిరికి ఫోన్ చెయ్యండి సార్, అని మాత్రం అన్యాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒగే బల్లకు ఆ చివర ఒగరు, ఈ చివర ఒగరు కూచున్యారు.

దస్తగిరి కొత్త బెల్టు, పనిముట్ల సంచి తీసుకోని బైకు మీద ఘాటు ఎక్కి వచ్చె. వచ్చినంతసేపూ ఎండను తిట్టినాడు, దిగినాక సార్‌ను తిట్టినాడు. జాకీ పెట్టి ముందు చక్రం ఊడదీసి, ఇంజన్ పక్క మూత విప్పినాడు. పళ్ళ చక్రాలకు సుద్దముక్కతో గుర్తులు పెట్టినాడు. ఒగ పన్ను అటో ఇటో జరిగితే కొత్త బెల్టేసినా ఇంజను పోతాదంట. అయ్యగారు ముగ్గురికీ టీ తెస్తానని అంగట్లోకి పోయె.

దస్తగిరి పాత బెల్టును పీకి, వంచి, తిప్పి చూసినాడు.

"ఇది బాగనే ఉండాదే సార్. పన్ను పోలేదు, చీలిక లేదు. ఇంగా పదివేల కిలోమీటర్లన్నా తిరిగేది."

అని దాన్ని సార్ చేతిలో పెట్టి, తల ఇంజన్లో దూర్చినాడు.

సార్ బెల్టును చూసుకున్యాడు. తనూ వంచి చూసినాడు. ఎంత వంచినా చీలలేదు. బెల్టు బాగున్నందుకు ఆయనకు ముందు సంతోషం రావాల్సింది, పిల్లోళ్ళు, చూలాలు, ముసలోళ్ళు ఎవురికీ ఏమీ కాలేదని. రాలేదు. అనవసరంగా చెప్పేసితినే అనిపించింది. నోరు మూసుకోని ఘాటు దిగింటే ఈపాటికి ఇంట్లో కూచోని ఉండేవాడు, విశ్వాసమ్మ కోవా కూడా అరిగిపోయిండేది. అట్ల అనుకున్నందుకు మల్ల సిగ్గయ్యె. సిగ్గు, దిగులు రెండూ ఒగేసారి వస్తే ఎట్లుంటాదో అనుకుంటాండగానే అయ్యగారు టీ తెచ్చినాడు.

"ఎట్లుండాది సార్ పాతది?"

"పోయింది అయ్యగారూ," అన్యాడు సార్. "ఈ ఘాటు దాటేది కాదు."

దస్తగిరి ఇంజన్లోంచి తల ఎత్తినాడు. సార్‌ను చూసినాడు. అయ్యగారి చేతిలోంచి టీ గ్లాసు తీసుకోని, తాగి, మల్ల తల లోపలికి పెట్టినాడు. కొత్త బెల్టేసి, బిగించి, చేత్తోనే ఇంజను రెండు చుట్లు తిప్పి గుర్తులు కలిసినాయా లేదా చూసుకున్యాడు. స్టార్ట్ చేస్తే ఒగే పిలుపుకు పలికింది. డబ్బులు తీసుకోని బైకెక్కి పోయె.

అయ్యగారు పాత బెల్టును రెండు చేతులతో అందుకున్యాడు. ఆయనకు బెల్టుల గురించి తెలీదు.

"అబ్బ, ఎంత నల్లగా అయిపోయినాదో," అన్యాడు.

ఘాటు దిగేటప్పుడు ఆ బెల్టు ఆయన ఒళ్ళోనే ఉండె. ఒగ గంటసేపు నేను మీ మీద కోపం పెట్టుకుంటి సార్, అది పాపం అన్యాడు. దేవుడు సరైన గడియకు మీ నోరు తెరిపిచ్చి ఆరుగురి ప్రాణాలు కాపాడినాడు, ఈ ఆదివారం సంగములో ఈ బెల్టు చూపిచ్చి సాక్ష్యం చెప్తా, నా కోపం కూడా అందరి ముందరా ఒప్పుకుంటా అన్యాడు. విశ్వాసమ్మతో కూడా మాట్లాడతానన్యాడు.

ఈ మలుపు దాటినాక నిజం చెప్పేద్దామనుకున్యాడు సార్. మలుపు దాటితే ఎదురుగా సిమెంటు లారీ. లారీ ఎదురొస్తాంటే ఎట్ల చెప్పేది? దాని తర్వాత మలుపులో కోతులు అడ్డమొచ్చె. ఆ తర్వాత మలుపులో ఏమీ అడ్డం రాలేదు, రోడ్డు ఖాళీగా ఉండె, అయ్యగారు ఈయన ముఖం తట్టే చూస్తాండె. సార్ గేరు మార్చినాడు.

ఘాటు అయిపోయింది. చెప్పేదానికి సరిపడేంత పొడుగు ఘాటేమీ కాదది. కింద నేల చదునైనాక చూస్తే, అయ్యగారు బెల్టు పట్టుకోని కండ్లు మూసుకోని ప్రార్థన చేస్తాండాడు. ప్రార్థనలో ఉన్నోళ్ళను కదిలియ్యకూడదు గదా. సార్ గుంతలు తప్పిస్తా, శానా మెత్తగా తోలుకోని పోయినాడు.