కదలని మూడు చుక్కలు

ఆడపడుచును అనుమానించడానికి వదినకు ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. ఈసారి మాత్రం కారణం కంప్యూటర్ తెర మీదే కనిపించింది.

ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ప్రయోగశాల. వదిన కెమెరాలు చూసుకునే టెక్నీషియన్. ఆడపడుచు పరిశోధక విద్యార్థిని. గాజు తొట్టిలో నీళ్లు పరుగెత్తించి, అందులో సన్నటి పొడి కలిపి, పల్చటి లేజర్ వెలుగులో వెంటవెంటనే రెండేసి ఫొటోలు తీస్తుంది. ఒక్కో రేణువు ఎంత జరిగిందో చూస్తే సుడి ఎటు తిరుగుతోందో తెలుస్తుంది. ఫొటోలన్నీ అసలైనవేనని వదిన సంతకం పెడితేనే ఇవాళ నాలుగింటికి నివేదిక వెళుతుంది. లేకపోతే పిల్ల నాలుగేళ్ల కష్టం నీళ్లపాలు.

సోమవారం ఫొటోలో కింది మూల మూడు చుక్కలున్నాయి. గురువారం ఫొటోలోనూ అవే మూడు, అదే చోట. పొంగే పాలలో నిన్నటి బుడగ ఇవాళా అక్కడే లేస్తుందా? సోమవారం ఫొటోకే మెరుగులు దిద్ది గురువారానిదని పెట్టిందన్నమాట. పైగా గురువారం పిల్ల మధ్యాహ్నానికే ఇంటికొచ్చి తలస్నానం చేసింది. వదినకు లెక్క సరిపోయింది.

“గురువారం నిజంగా తీశావా?”

“పొద్దున్నే తీశాను వదినా. నమ్మకం లేదా?”

“నమ్మకం ఇంట్లో. ఇక్కడ రుజువు కావాలి.”

పిల్ల దీపాలార్పి పంపు వేసింది, లేజర్ వెలిగించింది. తెర మీద రేణువులు పరుగందుకున్నాయి. ఆ మూడూ మాత్రం ఇంటల్లుడిలా కదలకుండా కూర్చున్నాయి. పెద్దవి చేస్తే మిగతా వాటిలా పదునుగా లేవు, కాస్త మసక. నీళ్లలో కాదు, గాజు మీదున్నాయి.

“ఒకసారి నీ వేళ్లు ఆనించు వదినా.”

వదిన ఆనించింది. మూడూ అతికినట్టు సరిపోయాయి. సోమవారం పొడి కలిపిన తడిచేత్తోనే కెమెరా సరిచేస్తూ గాజును పట్టుకున్నది తనే.

చాలాసేపు గాజు తుడిచింది. తర్వాత నివేదికలో రాసింది: “కింది మూల మచ్చలు టెక్నీషియన్ వేలిముద్రలు. ఆ భాగం లెక్కలోంచి తీసేయాలి.” కింద సంతకం పెట్టింది. కాగితం మాత్రం ఇవ్వలేదు.

“అది సరే. మధ్యాహ్నానికే తలస్నానమేమిటి?”

“పొడి డబ్బా ఎత్తితే నెత్తినంతా పడింది. మూత సరిగ్గా బిగించలేదెవరో.”

మూత బిగించడం ఎవరి పనో ఇద్దరికీ తెలుసు. గోడ గడియారం నాలుగుకు పది తక్కువ చూపిస్తోంది.

“వెళ్లు, ఆలస్యమవుతుంది,” అని వదిన కాగితం చేతిలో పెట్టింది.